ఆకు తొడిమ దగ్గరి తీపి, చీమ కడుపులోని నత్రజని

మీరు అడిగిన దాన్ని ముందుగా నా మాటల్లో చెప్పుకుంటాను. మీ ఆముదపు మొక్క మీద నల్లటి గండుచీమలు రోజంతా ఆకు తొడిమల దగ్గరే తచ్చాడుతున్నాయి. అక్కడ పేనుబంక గానీ పిండినల్లి గానీ కనిపించడం లేదు. అవి అసలేం తింటున్నాయి, వట్టి తీపి మీద అంత పెద్ద గుంపు ఎలా బతుకుతుంది, మొక్కకు వాటి వల్ల మేలా కీడా, మందు కొట్టాలా వద్దా అని మీ సందేహం. ఇవి నాలుగు ప్రశ్నలే అయినా సమాధానం మాత్రం ఒకే దారం వెంట నడుస్తుంది, ఆ దారం నత్రజని. ఎండ తగిలే మొక్కకు చక్కెర తయారు చేసుకోవడం తేలిక, కాబట్టి దాన్ని ధారాళంగా పంచగలదు. చీమ పిల్లలు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు మాత్రం ఆ చక్కెరలో ఉండవు. ఆ లోటును పూడ్చేవి చాలాసార్లు బ్యాక్టీరియా, శిలీంధ్రాలు. చీమకూ మొక్కకూ మధ్య ఉన్న సంబంధాన్ని ఇద్దరి స్నేహంగా చెప్పడం మనకు అలవాటైపోయింది. చాలా ఏళ్లుగా వీటిని గమనిస్తున్న నాకు మాత్రం, సూక్ష్మజీవిని మూడో భాగస్వామిగా లెక్కలోకి తీసుకుంటే తప్ప ఈ సంబంధాల్లో సగం అర్థం కావని అనిపిస్తుంది.

ముందు ఒక భూతద్దం తీసుకుని ఆ తొడిమ దగ్గరికి వెళ్లండి. తొడిమ ఆకును కలిసే చోట గుండ్రటి బొడిపెల్లాంటివి కనిపిస్తాయి. లేత ఆకుల మీద, ముఖ్యంగా చీమలు రాని కొమ్మ మీద చూస్తే, వాటి పైన మెరిసే చిన్న తేమ చుక్క ఉంటుంది. ఇవి మకరంద గ్రంథులే. పువ్వులో కాకుండా ఆకు మీద, తొడిమ మీద ఉంటాయి కనుక వీటిని పుష్పేతర మకరంద గ్రంథులు అంటారు. పత్తి ఆకు అడుగున నడి ఈనె మీద కూడా ఇలాంటివే ఉంటాయి. ఇప్పటివరకు దాదాపు 4 వేల మొక్క జాతుల్లో ఇవి నమోదయ్యాయి. ఒక చీమ వచ్చి తాగేటప్పుడు కదపకుండా గమనించండి. దవడలు కొద్దిగా తెరిచి, వాటి కింది నుంచి నాలుక లాంటి భాగాన్ని చాచి చుక్కను నాకుతుంది. కొంతసేపటికి దాని పొట్ట మీది నల్లటి పలకలు ఒకదానికొకటి దూరంగా జరిగి, మధ్యలో పలుచని పొర బయటపడుతుంది. లోపల అన్నాశయం నిండిందని దానికి అర్థం. ఆ అన్నాశయంలోనిది ఆ చీమ ఒక్కదాని తిండి కాదు. గూటికి చేరాక తోటి చీమల నోటికి నోరు ఆనించి ఆ ద్రవాన్ని కక్కి పంచుతుంది. ఆ విధంగా ఒక తొడిమ దగ్గర ఊరిన తీపి గూడంతటికీ చేరుతుంది.

మొక్క ఈ తీపిని ఊరికే ఒలకబోయదు. ఆకును పురుగు కొరికితే మొక్కలో జాస్మోనిక్ ఆమ్లం అనే సంకేత పదార్థం పెరుగుతుంది, దానితో పాటు మకరందం ఊరడమూ పెరుగుతుంది. మకరంగ అనే చెట్టులో ఈ సంగతి 2001లో ప్రయోగం ద్వారా తేలింది. ఎక్కువ మకరందం ఎక్కువ చీమలను రప్పిస్తుంది, ఆ చీమలు ఆకు మీద గుడ్లనూ గొంగళిపురుగులనూ ఎత్తుకుపోతాయి, కనీసం వాటిని స్థిమితంగా మేయనివ్వవు. లేత ఆకుల్లోనే గ్రంథులు ఎక్కువగా పనిచేయడం కూడా ఇందుకే, పురుగు ముందుగా కోరుకునేది లేత ఆకునే.

ఇక వట్టి తీపి మీద అవి ఎలా బతుకుతాయన్నది చూద్దాం. ఇదే ప్రశ్న శాస్త్రజ్ఞులను చాలాకాలం వేధించింది. ఉష్ణమండల అడవుల్లో చెట్ల కొమ్మల మీద ఉన్న చీమల మొత్తం బరువు, అక్కడ అవి వేటాడగలిగే పురుగుల బరువుతో పోలిస్తే నమ్మలేనంత ఎక్కువగా ఉండేది. వేటాడే జంతువులు వేట జంతువులను మించి ఉండడం ఏ అడవిలోనూ నిలిచే లెక్క కాదు. చీమల్లో చాలా జాతులు నిజానికి వేటగాళ్లు కావని, మొక్కల రసం మీద బతికే శాకాహారుల కోవలోకి వస్తాయని 2003లో అమెజాన్, బోర్నియో అడవుల చీమల మీద జరిగిన పరిశోధన చూపింది. నత్రజనిలో కాస్త బరువైన రూపం ఒకటి ఉంది. ఆహారపు గొలుసులో ఒక్కో మెట్టు ఎక్కేకొద్దీ అది శరీరంలో కొద్దికొద్దిగా పోగవుతుంది. వేటాడే పురుగుల్లో అది ఎక్కువగా, ఆకులు తినే పురుగుల్లో తక్కువగా ఉంటుంది. కొమ్మల మీది చాలా చీమల్లో ఆ పాళ్లు ఆకులు తినే పురుగుల పాళ్లకు దగ్గరగా వచ్చాయి. అవి మకరందం తాగుతున్నాయి, లేదా మొక్క రసాన్ని పీల్చే పురుగులు విసర్జించే తేనెబంకను తాగుతున్నాయి. ఈ రెండింటిలోనూ చక్కెర పుష్కలం, నత్రజని అత్యల్పం. మరి గుడ్లకూ పిల్లలకూ మాంసకృత్తులు ఎక్కడివి?

మీ గండుచీమలు బహుశా క్యాంపొనోటస్ ప్రజాతికి చెందినవే. ప్రపంచంలో వెయ్యికి పైగా జాతులున్న ప్రజాతి అది. దాని మధ్యపేగు గోడలో మామూలు కణాల నడుమ కొన్ని ప్రత్యేక కణాలు ఉంటాయి, వాటి నిండా కిక్కిరిసి బ్యాక్టీరియా ఉంటుంది. 1880 దశకంలో ఫ్రీడ్రిఖ్ బ్లాక్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్త వీటిని మొదట గుర్తించాడు, అందుకే ఆ బ్యాక్టీరియాకు బ్లాక్‌మానియా అని పేరు వచ్చింది. కీటకాల కణాల లోపల బ్యాక్టీరియా కాపురం ఉంటుందని చెప్పిన తొలి పరిశీలనల్లో ఇదొకటి. ఈ బ్యాక్టీరియా బయట ఎక్కడా బతకదు. తల్లి అండాశయంలో గుడ్డులోకి చేరి, గుడ్డుతో పాటు తరువాతి తరానికి వెళుతుంది. కోట్ల సంవత్సరాలు అలా సాగాక తనకు అక్కర్లేని జన్యువులన్నిటినీ అది వదిలించుకుంది. మన పేగుల్లో ఉండే ఈ.కోలి బ్యాక్టీరియా జన్యురాశి సుమారు 46 లక్షల అక్షరాల పొడవుంటే, బ్లాక్‌మానియాది 7 లక్షలకు కాస్త పైన మాత్రమే. మాంసకృత్తులను తయారు చేసే జన్యువులు ఆరు వందల లోపే మిగిలాయి.

నన్ను ఎప్పుడూ ఆకట్టుకునేది ఆ మిగిలిన జన్యువుల జాబితా. తానుగా బతకడానికి కావలసిన ఎన్నో పనులు చేతకాని స్థితికి వచ్చినా, చీమ స్వయంగా తయారు చేసుకోలేని అమైనో ఆమ్లాల (మాంసకృత్తులకు ఇటుకల్లాంటివి ఇవి) తయారీకి కావలసిన జన్యువులను మాత్రం ఆ బ్యాక్టీరియా దాదాపుగా అన్నిటినీ నిలుపుకుంది. అంతే కాదు, యూరియాను విడగొట్టే ఎంజైము జన్యువులు కూడా దానిలో ఉన్నాయి. యూరియా అంటే వ్యర్థంగా పోయే నత్రజని. దాన్ని విడగొట్టి, ఆ నత్రజనిని తిరిగి అమైనో ఆమ్లాలుగా మార్చగలిగితే, పారేయవలసింది పెట్టుబడిగా మారుతుంది. 2007లో, తరువాత గుర్తుపట్టగలిగేలా, ముందు చెప్పిన ఆ బరువైన నత్రజనితో చేసిన యూరియాను చీమలకు తినిపించి చూశారు. ఆ నత్రజని చీమల శరీరంలోని అమైనో ఆమ్లాల్లో కనిపించింది. మందులిచ్చి ఆ బ్యాక్టీరియాను తగ్గించిన చీమలు పిల్లలను పెంచడంలో వెనకబడ్డాయి. మీ తొడిమ మీది చీమ వట్టి తీపితో నెగ్గుకురావడానికి కారణం ఇందులో చాలావరకు ఉంది. మిగిలిన కాస్త లోటును అది అప్పుడప్పుడు పట్టే పురుగులతో, చచ్చిన కీటకాలతో, పక్షి రెట్టలతో పూడ్చుకుంటుంది. గండుచీమలు ఎండిన రెట్ట చుట్టూ చేరి నాకుతూ ఉండడం మీరు చూసే ఉంటారు, వాటికి అక్కడ కావలసింది నత్రజనే.

ఇదే సమస్యకు మరో చీమ వేరే దారి వెతుక్కుంది. అమెరికా ఖండాల ఉష్ణ ప్రాంతాల్లో చెట్ల మీద ఉండే సెఫలోటిస్ చీమలు తాబేలు డిప్పలాంటి చదునైన తలతో కనిపిస్తాయి. వీటిలో బ్యాక్టీరియా కణాల లోపల కాకుండా పేగు కుహరంలోనే గుంపుగా ఉంటుంది, అదీ ఒక జాతి కాకుండా పలు జాతులు కలిసి. అవి కూడా యూరియా నత్రజనిని అమైనో ఆమ్లాలుగా మార్చి చీమకు అందిస్తున్నాయని 2018లో రుజువైంది. ప్యూపా నుంచి అప్పుడే బయటికి వచ్చిన చీమ పేగులో ఈ బ్యాక్టీరియా ఉండదు. అది పెద్ద చీమల ఆసనం దగ్గర నోరు పెట్టి అక్కడి ద్రవాన్ని తాగి వాటిని సంపాదించుకుంటుంది. ఆ తరువాత అన్నాశయానికీ మధ్యపేగుకూ నడుమ ఒక సన్నని జల్లెడ లాంటి నిర్మాణం ఏర్పడి, ద్రవాన్ని మాత్రమే పోనిచ్చి, బ్యాక్టీరియా అంత చిన్న కణాలను కూడా ఆపేస్తుంది. ఒకసారి కావలసిన వాళ్లను లోపలికి తీసుకుని తలుపు వేసుకోవడం లాంటిది ఇది. ప్రతి బ్యాక్టీరియా మేలు చేసేది కాదు కనుక, మేలు చేసేవాటిని ఉంచుకోవడం ఎంత ముఖ్యమో మిగతావాటిని రానివ్వకపోవడం అంత ముఖ్యం. గండుచీమలకు కూడా ఇందుకు ఒక ఉపాయం ఉంది. తిన్న తరువాత అవి పొట్టను ముందుకు వంచి, కొనన ఉన్న రంధ్రం నుంచి తమ ఫార్మిక్ ఆమ్లాన్నే నాకి మింగుతాయి. అన్నాశయం పులిసిపోయి రోగం తెచ్చే బ్యాక్టీరియా చస్తుంది, ఆమ్లాన్ని తట్టుకునే కొన్ని రకాలు మాత్రం మిగులుతాయి. ఇది 2020లో బయటపడింది. అంతకు ముందు ఆ నాకుడును ఒంటి శుభ్రత అని మాత్రమే అనుకునేవాళ్లం.

ఇక మొక్క వైపు నుంచి చూద్దాం. మీ ఆముదం చీమలకు తీపి పెడుతుందే కానీ ఇల్లు ఇవ్వదు. ఇల్లు కూడా ఇచ్చే మొక్కలు ఉన్నాయి. మధ్య అమెరికాలోని ఎద్దుకొమ్ము తుమ్మ ముళ్లు ఎద్దు కొమ్ముల్లా ఉబ్బి, లోపల బోలుగా ఉంటాయి. సూడోమిర్మెక్స్ చీమ ముల్లు కొన దగ్గర రంధ్రం చేసి లోపల కాపురం పెడుతుంది. తొడిమ మీది గ్రంథులు తీపి ఇస్తాయి, చిట్టి ఆకుల కొనల్లో మాంసకృత్తులూ కొవ్వూ నిండిన పసుపు గింజల్లాంటివి కాస్తాయి. చీమలు వాటిని తుంచి పిల్లలకు పెడతాయి. నికరాగువాలో గనుల ఇంజినీరుగా పనిచేసిన థామస్ బెల్ట్ 1874లో ఈ సంగతి రాస్తూ, చీమలు ఆ చెట్టుకు కాపలా సైన్యమని అన్నాడు. చాలామంది నమ్మలేదు. 1966లో డాన్ జాన్‌జెన్ అనే శాస్త్రవేత్త మెక్సికోలో చేసిన ప్రయోగాలతో ఆ వాదనకు తెరపడింది. చీమలను తీసేసిన తుమ్మలను పురుగులు తినేశాయి, తీగలు కప్పేశాయి. చీమలున్న చెట్లు పక్కనే ఏపుగా నిలిచాయి. ఆ చీమలు పురుగుల్నే కాదు, తమ చెట్టును తాకే తీగల మొగ్గలను కూడా కొరికి పారేస్తాయి.

అయితే ఈ ఒప్పందంలో మొక్క అంత అమాయకమైనది కాదు. ఆ తుమ్మ మకరందంలో మామూలు చక్కెర దాదాపు ఉండదు, గ్లూకోజు, ఫ్రక్టోజులుగా ముందే విడిపోయి ఉంటుంది, ఎందుకంటే విడగొట్టే ఎంజైమును మొక్కే మకరందంలో కలుపుతుంది. ఆ చీమలకు మాత్రం మామూలు చక్కెరను అరిగించుకునే శక్తి లేదు. ఇది ఆ చీమ పుట్టుకతో వచ్చిన లోపమని మొదట అనుకున్నారు. 2014లో మార్టిన్ హైల్ బృందం చేసిన పరిశోధనలో, మకరందంలోని మరో మాంసకృత్తు చీమ కడుపులోని ఆ ఎంజైమును అడ్డుకుంటోందని తేలింది. లార్వాలో ఆ ఎంజైము పనిచేస్తూనే ఉంటుంది. పెద్దదై తొలి గుక్క మకరందం తాగాక ఆ శక్తి పోతుంది, ఇక దానికి తన తుమ్మ ఇచ్చే తీపి తప్ప మరోటి అరగదు. ఇంత దగ్గరి సంబంధంలో కూడా ఒకరి పట్టు మరొకరి మీద ఉంటుందని చెప్పడానికి నేను ఎప్పుడూ ఇచ్చే ఉదాహరణ ఇదే.

అదే తుమ్మ కుటుంబపు మరో జాతి మీద, మేలు చేసే చీమ ఉన్న ఆకుల్లో రోగకారక బ్యాక్టీరియా తక్కువగా ఉందని కూడా కనుగొన్నారు. చీమ కాళ్ల మీద ఉండే బ్యాక్టీరియాలో కొన్ని ఆ రోగకారకాల పెరుగుదలను అడ్డుకుంటున్నాయి. అంటే ఆకు మీద నడవడమే ఒక రకం మందు చల్లడం. మొక్కల కాపలా అనగానే మనం దవడలను, కుట్టే ముల్లును తలుచుకుంటాం. చీమ పాదాల మీది సూక్ష్మజీవులు కూడా ఆ కాపలాలో భాగమని ఇటువంటి పరిశీలనల వల్లనే తెలుస్తోంది.

ఇల్లు ఇచ్చిన మొక్కకు అద్దె ఎలా ముడుతుందో చూస్తే నత్రజని మళ్లీ ఎదురవుతుంది. ఆగ్నేయాసియా, న్యూగినియా అడవుల్లో మిర్మెకోడియా, హిడ్నోఫైటమ్ అనే మొక్కలు నేలలో కాక చెట్ల కొమ్మల మీద పెరుగుతాయి, అక్కడ వేళ్లకు మట్టి దొరకదు. వాటి కాండం మొదలు పెద్ద దుంపలా ఉబ్బి, లోపల సొరంగాలు ఉంటాయి. కొన్ని గదుల గోడలు నున్నగా ఉంటాయి, చీమలు పిల్లలను అక్కడ పెంచుతాయి. మరికొన్ని గదుల గోడల నిండా గరుకైన బొడిపెలు ఉంటాయి, చీమలు తమ చెత్తను, మలాన్ని అక్కడ పోస్తాయి. ఆ బొడిపెల ద్వారానే మొక్క పోషకాలను పీల్చుకుంటుంది. ఫిజీ దీవుల్లో ఫిలిడ్రిస్ నగసావు అనే చీమ ఇలాంటి మొక్కల గింజలను చెట్టు బెరడు చీలికల్లో తానే నాటి, మొలకెత్తిన పిల్ల మొక్కకు తన మలంతో ఎరువు వేస్తుందని 2016లో ప్రచురితమైంది.

కామెరూన్ అడవుల్లోని లియొనార్డాక్సా చెట్టులో ఇంకో అడుగు ముందుకు కనిపిస్తుంది. దాని బోలు కొమ్మల్లో కాపురముండే చీమల గదిలో ఒక మూల నల్లటి బూజు మచ్చ ఎప్పుడూ ఉంటుంది. చాలాకాలం దాన్ని అపరిశుభ్రత వల్ల వచ్చిన బూజు అనుకున్నారు. చీమలు లేని గదుల్లో అది ఉండదు, చీమలు ఆ బూజు మీదనే తమ వ్యర్థాలు వేస్తాయి, తంతువులను కత్తిరించి పొట్టిగా ఉంచుతాయి. గుర్తుపట్టగలిగే నత్రజనిని చీమలకు పెట్టి చూస్తే అది ఆ బూజులోకీ, అక్కడి నుంచి మొక్క కణజాలంలోకీ వెళ్లింది. చీమల పిల్లలు కూడా ఆ బూజును తింటున్నట్టు తరువాత తెలిసింది. చీమ–మొక్క జంట అని వందేళ్లకు పైగా చెప్పుకున్న చోట్ల మూడో భాగస్వామి మొదటి నుంచీ అక్కడే ఉంది, మనం దాన్ని మురికిగా లెక్కగట్టాం.

శిలీంధ్రాన్ని పెంచడం అనే పనిని పరాకాష్ఠకు తీసుకువెళ్లినవి దక్షిణ, మధ్య అమెరికా ఖండాల ఆకుకోత చీమలు. శిలీంధ్రాలను సాగు చేసే చీమలు సుమారు 250 జాతులు ఉన్నాయి. జన్యువుల పోలిక ఆధారంగా 2024లో వేసిన లెక్క ప్రకారం ఈ సాగు దాదాపు 6.6 కోట్ల ఏళ్ల కిందట, రాక్షస బల్లులను తుడిచిపెట్టిన ఉల్కాపాతం నాటికి మొదలైంది. ఎండ లేక మొక్కలు చచ్చి కుళ్లిన ఆ కాలంలో శిలీంధ్రాలకే పండుగ, వాటిని పట్టుకున్న చీమ బతికి బట్టకట్టింది. ఆకుకోత చీమల గుంపుల్లో కొన్నిటిలో లక్షలాది, ఒక్కోసారి అరకోటికి మించిన చీమలు ఉంటాయి. అవి ఆకులను తినడానికే మోసుకుపోతున్నాయని అందరూ అనుకునేవారు. ఆకును ఎరువుగా వేసి బూజును పెంచుతున్నాయని ఊహించిన వ్యక్తి, తుమ్మ చీమల సంగతి చెప్పిన ఆ థామస్ బెల్టే.

గూటిలోకి చేరిన ఆకు ముక్కకు ఏమవుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే సంగతంతా ఆ వివరంలోనే ఉంది. మోసుకొచ్చిన పెద్ద చీమ దాన్ని గది నేల మీద వదిలి వెళ్లిపోతుంది. అంతకన్నా చిన్న చీమలు దాన్ని ఒకటి రెండు మిల్లీమీటర్ల ముక్కలుగా తరుగుతాయి. వాటికన్నా చిన్నవి ఆ ముక్కల పైమైనాన్ని నాకి, అంచులను నమిలి మెత్తగా తడి ముద్ద చేస్తాయి. తరువాత ఒక చీమ ఒంటిని వంచి ఆ ముద్ద మీద ఒక చుక్క మలద్రవం వేస్తుంది. చివరికి అన్నిటికన్నా బుల్లి చీమ, పాత తోట నుంచి కొన్ని తంతువులను దవడలతో పీకి తెచ్చి, ఆ ముద్ద మీద నాటి, ముందు కాళ్లతో తట్టి కుదురుగా ఉంచుతుంది. ఒక రోజు తిరగకుండా ఆ ముద్ద మీద తెల్లని నూగు కమ్ముతుంది. ఇందులో ఆ మలద్రవపు చుక్కే నాకు అద్భుతంగా తోస్తుంది. చీమ తిన్న శిలీంధ్రంలోని ఎంజైములు దాని పేగులో అరగకుండా బయటికి వచ్చి, సరిగ్గా కొత్త ఆకు మీద పడి, శిలీంధ్రం ఇంకా వేళ్లూనక ముందే దాని తరఫున ఆకును విడగొట్టడం మొదలుపెడతాయి. చీమ పేగు ఇక్కడ ఎంజైములను మోసుకెళ్లే గొట్టం పని చేస్తోంది.

శిలీంధ్రం తంతువుల కొనలు ఉబ్బి, ద్రాక్ష గుత్తుల్లాంటి గుళికలుగా మారతాయి, అవే చీమ పిల్లల తిండి. ఈ ఏర్పాటు మీద చీమలు ఎంతగా ఆధారపడ్డాయంటే, ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని తయారు చేసే జన్యువులను అవి పోగొట్టుకున్నాయి, 2011లో వాటి జన్యురాశిని చదివినప్పుడు ఇది బయటపడింది. ఆర్జినిన్ ఇక శిలీంధ్రం నుంచే రావాలి. కొత్త రాణి పుట్టింటి నుంచి ఎగిరేటప్పుడు నోటి కింది చిన్న సంచిలో ఆ శిలీంధ్రపు ఉండను పెట్టుకుని వెళుతుంది. ఆ ఉండ ఎండిపోతే ఆమె గూడు నిలవదు. మొక్క ఏదైనా శిలీంధ్రానికి పడకపోతే చీమలు దాన్ని తేవడం మానేస్తాయి కూడా. శిలీంధ్రాన్ని చంపే మందు పూసిన పదార్థాన్ని ఇస్తే, చీమలు మొదట తీసుకువెళ్లాయి, ఒకటి రెండు రోజుల్లో తిరస్కరించడం మొదలుపెట్టి, ఆ తరువాత వారాల తరబడి ముట్టలేదు. మందు చీమకు హాని చేసేది కాదు. శిలీంధ్రం నుంచి ఏదో ఒక సంకేతం చీమలకు చేరుతోందన్నది ఆ ప్రయోగం సారం.

ఆకుల్లో కూడా నత్రజని తక్కువే. లక్షల చీమల గుంపుకు అది చాలదు. ఆ తోటల్లోనే గాలిలోని నత్రజనిని పట్టి బంధించే క్లెబ్సియెల్లా, పాంటోయియా బ్యాక్టీరియా ఉన్నాయనీ, అవి పట్టిన నత్రజని చీమల శరీరంలోకి చేరుతోందనీ 2009లో చూపారు. పప్పుజాతి మొక్కలు వేళ్ల బుడిపెల్లో చేసే పనికి ఇది తోబుట్టువు లాంటిది.

ఒకే పంటను కోట్ల ఏళ్లు వేసిన చోట తెగులు రాకుండా ఉంటుందా? ఆ తోటలకు ఎస్కోవాప్సిస్ అనే పరాన్న శిలీంధ్రం పట్టి, వదిలేస్తే మొత్తం తోటను ముంచేస్తుంది. కొన్ని సాగు చీమల ఛాతీ మీద పిండి చల్లినట్టు తెల్లటి పొర కనిపిస్తుంది. దాన్ని చాలాకాలం మైనం అనుకున్నారు. అది బ్యాక్టీరియా అనీ, ఎస్కోవాప్సిస్‌ను అడ్డుకునే మందును తయారు చేస్తుందనీ 1999లో క్యామెరాన్ క్యూరీ బృందం కనుగొంది, ఆ బ్యాక్టీరియా సూడోనొకార్డియా అని తరువాత తేలింది. ఆ మందుల్లో డెంటిజెరుమైసిన్ అనేదాన్ని 2009లో విడదీసి గుర్తించారు. అయితే అన్ని సాగు చీమల మీదా ఈ పొర ఉండదు. అతి పెద్ద గుంపులు కట్టే అట్టా చీమలు ఆ బ్యాక్టీరియాను వదిలేశాయి. అవి ఛాతీ వెనుక ఉండే గ్రంథి స్రావాలతో, తెగులు పట్టిన ముక్కలను ఏరి పారేసే శ్రమతో నెట్టుకొస్తాయి. ఒకే తెగులుకు దగ్గరి బంధువులు రెండు వేర్వేరు చికిత్సలు ఎంచుకోవడం గమనించదగ్గ విషయం.

చీమలను జాంబీలుగా మార్చే బూజు గురించి ఎవరైనా తప్పక అడుగుతారు కనుక ఒక్క మాట. ఒఫియోకార్డిసెప్స్ శిలీంధ్రం పట్టిన గండుచీమ గుంపును వదిలి, ఆకు అడుగున ఈనెను కరిచి పట్టుకుని చచ్చిపోతుంది, ఆ పైన దాని మెడ వెనుక నుంచి శిలీంధ్రపు కాడ మొలుస్తుంది. అది మెదడును తినేస్తుందని విస్తృతంగా రాస్తుంటారు. 2017లో సూక్ష్మదర్శిని చిత్రాలను కూర్చి చూసినప్పుడు శిలీంధ్ర కణాలు దవడ కండరాల చుట్టూ వలలా అల్లుకుని ఉన్నాయి, మెదడులో మాత్రం చొరబడలేదు.

ఇప్పుడు మేలా కీడా అన్న మీ ప్రశ్న. దీనికి ఎప్పటికీ చెల్లే ఒకే జవాబు ఇవ్వడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే చుట్టూ ఉన్న పరిస్థితి మారితే అదే చీమ, అదే మొక్క మధ్య లెక్క మారిపోతుంది. కెన్యాలో ఈల తుమ్మ అనే చెట్టు మీద క్రెమాటోగాస్టర్ మిమోసే చీమలు కాపలా ఉంటాయి, ఏనుగు తొండం పెడితే లోపలికి దూరి కరుస్తాయి. పరిశోధకులు కొంత నేల చుట్టూ కంచె వేసి ఏనుగులూ జిరాఫీలూ రాకుండా పదేళ్లు ఆపారు. మేసే జంతువులు లేకపోతే చెట్లు ఇంకా ఏపుగా పెరగాలి కదా? 2008లో ప్రచురించిన ఫలితాల్లో అలా జరగలేదు. కాపలా అవసరం తగ్గిన చెట్టు మకరందాన్నీ బోలు ముళ్లనూ తగ్గించింది, చీమల గుంపులు బలహీనపడ్డాయి, వాటి స్థానంలో మరో చీమ వచ్చింది. ఆ కొత్త చీమ బెరడులో పురుగులు తొలిచిన బొరియల్లో ఉంటుంది కనుక ఆ పురుగులు రావడం దానికి లాభమే. చెట్ల ఎదుగుదల తగ్గింది, చావులు పెరిగాయి. అదే దేశంలో బయటి నుంచి వచ్చిన పెద్దతల చీమలు కాపలా చీమలను చంపేసిన చోట ఏనుగులు 5 నుంచి 7 రెట్లు ఎక్కువగా చెట్లను విరిచాయి. చాటు తగ్గి సింహాలకు జీబ్రాలు దొరకడం తగ్గింది, అవి అడవి దున్నల వైపు మళ్లాయి. ఇది 2024 నాటి ఫలితం. చీమ ఒకటి మారితే సింహం తిండి మారింది.

మీ ఆముదం విషయానికి వస్తే, చీమలు గ్రంథుల దగ్గర మాత్రమే ఉన్నంతకాలం అవి మొక్క స్వయంగా పిలిచిన అతిథులు. కీడు మొదలయ్యేది తేనెబంక దగ్గర. పిండినల్లి, పేనుబంక, పొలుసు పురుగులు మొక్క రసాన్ని పీల్చి తీపి విసర్జిస్తే, చీమలు ఆ పురుగులకే కాపలాదారులవుతాయి. వాటిని తినే అక్షింతల పురుగులను తరిమేస్తాయి, పిండినల్లిలో గుడ్లు పెట్టే చిన్న కందిరీగలను వాలనివ్వవు. అప్పుడు ఆ తీపి వెల మొక్క చెల్లిస్తున్నా కాపలా మాత్రం దాని శత్రువుకు దక్కుతోంది. కాబట్టి వారానికోసారి లేత ఆకుల అడుగు భాగాన్ని, కణుపుల మూలలను తిప్పి చూడండి. తెల్లటి దూదిలాంటి మచ్చలున్నాయా, ఆకు జిగటగా తగులుతోందా, ఆకు మీద మసిలాంటి నల్లటి పొర పడుతోందా అన్నది గమనించండి. వీటిలో ఏదైనా కనిపిస్తే మొదట చేయవలసింది చీమల దారిని కోయడం. మొక్క మొదలుకు గుడ్డ గానీ మందపాటి కాగితం గానీ చుట్టి, దాని మీద జిగురు పట్టీ వేయండి, జిగురును బెరడుకు నేరుగా పూయకండి. పక్క మొక్కను గానీ గోడను గానీ తాకే కొమ్మ ఉంటే తప్పించండి, లేకపోతే చీమలు ఆ వంతెన మీదుగా వస్తాయి. కాపలా పోగానే మిగతా పని అక్షింతల పురుగులు చేస్తాయి.

మందు మాత్రం కొట్టకండి. ఆ తొడిమ గ్రంథుల దగ్గర తీపి తాగేది చీమలొక్కటే కాదు, పురుగుల గుడ్లలో తమ గుడ్లు పెట్టే కందిరీగలూ అక్కడికే వస్తాయి. ఒకరోజు పొద్దున్నే, చీమలు పలుచగా ఉన్న వేళ, పది నిమిషాలు ఆ బొడిపెల ముందు కూర్చోండి, ఆవగింజలో సగం కూడా లేని ఒక కందిరీగ వచ్చి చుక్క అంచున వాలడం మీకు కనిపించవచ్చు.